ఇసకలో నీళ్ళు

ముప్పై ఒక్క ఏళ్ళు
హార్బరు ఛానల్లో డ్రెడ్జరు మీద పనిచేశాను.
పగలు తోడిన ఇసకని రాత్రి సముద్రం తెచ్చి పోసేది,
మర్నాడు మళ్ళీ తోడేవాళ్ళం.
నీళ్ళలోంచి ఇసక తియ్యడం నా ఉద్యోగం.
రిటైరయ్యాక, మంగమారిపేట వెనక
సరుగుడు తోట పక్కన అరెకరం కొని
ఇసకలో నీళ్ళు నిలబెడదామని కూర్చున్నాను.

"ఎదురుగా అంత సముద్రం ఉంటే
నీకీ గొయ్యేటి బావూ" అన్నాడు వాసుపల్లి మసేను
వల బాగుచేసుకుంటూ, తలెత్తకుండా.
నిజమే. నా దగ్గర జవాబు లేదు.
సముద్రంలో చేప నాకు తెలీదు, నేనెవరో దానికీ తెలీదు.
పేరు పెట్టి పిలవక్కర్లేదు గాని
పొద్దున్నే తవుడు పట్టుకెళ్తే
ఒడ్డుకొచ్చే చేప కావాలి. అంతే.

జేసీబీ రెండు రోజుల్లో తవ్వేసింది.
పన్నెండు సెంట్లు, ఐదడుగుల లోతు,
నిట్టనిలువుగా ఉంటే జారతాయని ఏటవాలు గట్లు.
బోరు వేసి మూడు రాత్రులు మోటారు నడిపాను.
గట్టు మీదే మంచం వేసుకుని
నీళ్ళు పడే చప్పుడు వింటూ నిద్రపోయాను.
నాలుగో రోజు తెల్లారి చూస్తే
అడుగున తడి మరక, ఒక కప్ప.
కప్ప నన్ను చూసింది.
కరెంటు బిల్లు ఎంతో దానికి తెలుసనిపించింది.

అప్పలనరసమ్మ ఏమీ అనలేదు.
ఆ పూట అన్నంలో చారు పోస్తూ మాత్రం
"నిలబడుతుందేమో చూసుకోండి" అంది.

ఆనందపురం అవతల ఎండిన చెరువులోంచి
బంకమన్ను తెప్పించాను, ముప్పై ఆరు ట్రాక్టర్లు.
నల్లటి మన్ను, గోటితో గీస్తే మెరిసేది,
ఉండ చేసి నీళ్ళలో వేస్తే తెల్లారేదాకా విచ్చుకోనిది.
జానెడు మందాన పరిచి, తడిపి,
తొక్కడానికి మనుషులు చాలక
గేదెల దాలినాయుడిని అడిగాను.
ఇంటిపేరు గేదెల, మందలో గేదెలు పదమూడు.
మూడు రోజులు గోతిలో గుండ్రంగా తిప్పాడు
హెయ్ హెయ్ అంటూ.
అవి తొక్కాయి, పేడ వేశాయి, మళ్ళీ తొక్కాయి.
ప్లాస్టిక్ షీటు వెయ్యమని చెప్పినవాళ్ళు
రోడ్డు మీద నిలబడి చూశారు.

ఈసారి నీళ్ళు ఆగాయి.
పూర్తిగా కాదు. వెదురుగడ పాతి
గాట్లు పెట్టాను. రోజుకి వేలెడు దిగేది.
అందులో ఎండ వాటా ఎంత, ఇసక వాటా ఎంత,
ఇద్దరూ చెప్పరు.
నెల తిరిగేసరికి అరవేలు.
సున్నం చల్లి, పేడ కలిపి,
నీళ్ళు ఆకుపచ్చబడేదాకా ఆగాను.

పిల్లలొచ్చాయి ఆటోలో,
గాలి నింపిన సంచుల్లో.
బొచ్చెలు రెండొందలు, శీలావతులు మూడొందలు,
ఒక్కోటి చిటికెన వేలంత.
సంచి మూతి వెంటనే విప్పకూడదు.
అరగంట నీళ్ళ మీద తేలనివ్వాలి,
లోపలి చలీ బయటి వేడీ ఒకటయ్యేదాకా.
ఆ అరగంట నేనూ ఆటోవాడూ
మాట్లాడుకోలేదు.
బీడీ తీశాడు గాని వెలిగించలేదు అతను.

తర్వాత లకుముకి పిట్ట వచ్చింది.
ఆ తర్వాత నీటికాకి, తన వాటా అడక్కుండానే తీసుకుంది.
వానల్లో గట్టు ఓ మూల కుంగితే
ఇసక బస్తాలు పేర్చాను.
చేతులకి పాత పని గుర్తొచ్చింది.

రెండో ఏడు, మోకాలు పాడై
మసేను బోటెక్కడం మానేశాడు.
ఒక సాయంత్రం గాలం పట్టుకుని వచ్చాడు, నవ్వకుండా.
దారం వేలికి చుట్టుకుని
చాలాసేపు గట్టు మీద కూర్చున్నాడు.
చేప కొరికింది. నాకు కనిపించింది. అతను లాగలేదు.
మళ్ళీ కొరికి, ఎర తిని పోయింది.
"అల నేదు బావూ,
ఎప్పుడు లాగాలో చేతికి తెల్డం నేదు."

కొత్త ఎర గుచ్చి ఇచ్చాను.
వెదురుగడ మీద నిన్నటి గాటు
నీళ్ళపైకి తేలింది, మోటారు వెయ్యాలి.
వేసి వచ్చేసరికి కూడా
అతను అక్కడే ఉన్నాడు,
కదలని నీళ్ళ ముందు
కూర్చున్నచోటే కొంచెం కొంచెంగా ఊగుతూ.